తిరుపతి పాత ఊళ్లో తాతల నాటి ఇల్లు: కొత్త హంగులు ముందా, మిద్దె ముందా?

పాతమిద్దె
గోవిందరాజస్వామి గుడికి ఐదు నిమిషాల నడక దూరంలో, తీర్థకట్ట వీధి పక్క సందులో మా ముత్తాత కట్టించిన ఇల్లు ఉంది. మా దగ్గరున్న కాగితాలను బట్టి దానికి నూరేళ్లు దాటాయి. గోడలు రెండడుగుల మందం ఉంటాయి. ఇటుకకు సున్నపు పూత పూశారు, టేకు దంతెల (అడ్డ దూలాల) మీద మద్రాసు మిద్దె, అంటే చిన్న ఇటుకలు పేర్చి సున్నంతో వేసే పాతకాలపు కప్పు, వేశారు. నడుమ ఆకాశం కనిపించే తొట్టికట్టు, దాని చుట్టూ ఆరు కొయ్య స్తంభాలు, వీధి వైపు రెండు తిన్నెలు ఉన్నాయి. మా అవ్వ పోయిన తరువాత రెండేళ్లుగా ఇల్లు తాళం వేసి ఉంది. 2021 నవంబరు వానలకు రెండు గదుల మిద్దె కారడం మొదలై ఇప్పటికీ ఆగలేదు.

లాడ్జి కట్టేవారికి అమ్మేద్దామని మా చిన్నాయన అంటున్నాడు. నేనూ నా భార్యా ఇద్దరు పిల్లలతో అక్కడే కాపురం పెట్టాలనుకుంటున్నాం. ఇంటీరియర్ డిజైనర్ ఒకరు వచ్చి చాలా అందమైన బొమ్మలు గీసి ఇచ్చారు. అందులో రెండు గదుల మధ్య గోడ తీసి పెద్ద హాలు చేస్తారు, తొట్టికట్టు మీద అద్దం పరుస్తారు, దంతెలు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ వేస్తారు, ఎర్ర గచ్చు మీద విట్రిఫైడ్ టైల్సు పరుస్తారు, బయట సిమెంటు పూసి టెక్స్చర్ పెయింట్ వేస్తారు. ఆ బొమ్మలు మాకు నిజంగానే నచ్చాయి.

మొన్న మిద్దె చూడటానికి వచ్చిన ముసలి బేల్దారి గోడను వేళ్లతో తట్టి, "దీనికి సిమెంటు పూస్తే ఊపిరాడక చస్తుంది నాయనా" అన్నాడు. అప్పటి నుంచి ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నాను. పాత ఇళ్లను బాగు చేయించుకుని వాటిలోనే ఉంటున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఏది ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో చెప్పండి.

మాడవీధి_అంగడి
ముప్పై ఏళ్లుగా ఆ వీధుల్లోనే వ్యాపారం చేస్తున్నాను కనుక, వినడానికి కష్టంగా ఉన్నా నాకు తెలిసింది చెబుతాను. అక్కడ నేలకే వెల, ఇంటికి వెల కట్టేవారు లేరు. బండి నిలుపుకోవడానికి చోటు ఉండదు, బ్రహ్మోత్సవాల రోజుల్లో సందులోకి ఆటో కూడా రాదు. మీ చిన్నాయన చెప్పిన మాటలో న్యాయం ఉంది. అమ్మగా వచ్చిన డబ్బుతో ఊరి బయట విశాలంగా కట్టుకోండి.

కోనేటిగట్టు
నేల వెలతోనే లెక్క వేస్తే తిరుపతి పాత ఊళ్లో ఒక్క ఇల్లూ మిగలదు. ఇప్పటికే దాదాపు మిగల్లేదు. నా చిన్నప్పుడు కర్నాల వీధిలో వరుసగా తిన్నెలు ఉండేవి, ఊరేగింపు చూడటానికి పల్లెల నుంచి వచ్చినవారు రాత్రికి వాటి మీదే పడుకునేవారు. తొట్టికట్టుతో సహా నిలిచి ఉన్న ఇల్లు ఇంకొకటి ఉందని తెలియడమే నాకు సంతోషంగా ఉంది. పాతమిద్దె గారు, దయచేసి తొందరపడకండి.

బేల్దారిబిడ్డ
మా నాయన, ఆయన నాయన ఇద్దరూ బేల్దారులే. నేను ఇప్పుడు సివిల్ పనుల కాంట్రాక్టు చేస్తున్నాను. ఆ ముసలాయన చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం, దాని వెనుక ఉన్న కారణాన్ని వివరంగా చెబుతాను.

పాత ఇళ్ల పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల సందుల గుండా పైకి పాకుతుంది, మనిషి నడుము ఎత్తు దాకా పాకిన గోడలను నేను చాలా చూశాను. సున్నపు పూతలో సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఎక్కిన తడి ఎక్కినట్టే గాలికి ఆరిపోతుంది, ఇన్నేళ్లూ మీ ఇంటిని నిలబెట్టింది ఆ గుణమే. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి ఎక్కుతుంది, దానితో వచ్చిన ఉప్పు పూత వెనుక ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. మనవాళ్లు గోడకు చవుడు పట్టిందని అనేది దీన్నే. పైన సిమెంటు గట్టిగానే కనిపిస్తుంది కాబట్టి లోపల ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదు.

సున్నపు పని ఓపికతో కూడుకున్నది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో విరిచి, జల్లెడ పట్టి, వారాల తరబడి నీళ్ల కింద నానబెడతారు. గోడకు పూసిన తరువాత అది గాలిలో ఉన్న అదే వాయువును మళ్లీ పీల్చుకుంటూ, పైనుంచి లోపలికి మెల్లగా రాయిగా మారుతుంది. అందుకు నెలలు పడుతుంది, మందమైన చోట ఏళ్లు కూడా పడుతుంది. మా తాత కాలంలో ఎద్దు గానుగలో ఇసుకతో కలిపి రుబ్బేవారు, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపేవారు. ఇప్పుడు గానుగ బదులు మోర్టార్ మిల్లు ఉంది, తక్కిన పద్ధతి అంతా అదే. ఈ పని ఎరిగిన చేతులు మన జిల్లాలో తగ్గిపోయాయి. మీ ఇంటికి వచ్చిన పెద్దాయనకు ఆ పని వస్తే ఆయన్ను వదులుకోకండి.

మామిడితోట_చిత్తూరు
బేల్దారిబిడ్డ గారు చెప్పినది మా ఇంట్లోనే జరిగింది. చిత్తూరులో మా అత్తగారి తరఫు పాత ఇంటికి ఏడేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు చేత లోపలా బయటా సిమెంటు పూయించి, లోపల ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాం. మొదటి ఏడాది పెళ్లిల్లులా మెరిసింది. రెండో వానాకాలానికి రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. మూడో ఏడు దేవుడి గదిలో మేకు కొడితే మేకుతో పాటు సిమెంటు పలక ఊడి పడింది, దాని వెనుక ఇటుక ఎర్ర మట్టిలా చేతిలోకి రాలింది. వాసన పోదు, పుస్తకాలకు బూజు పడుతుంది, మా మామగారికి ఆయాసం ఎక్కువైంది. ఆ పూతంతా ఉలితో చెక్కించి మళ్లీ సున్నం పూయించేసరికి మొదట పెట్టిన దానికి రెట్టింపు ఖర్చయింది. చెక్కేటప్పుడు పాత ఇటుక కూడా చాలా చోట్ల పెచ్చులుగా పోయింది, అది ఇక తిరిగి రాదు. సున్నం పూశాక దాని మీద ప్లాస్టిక్ రంగు మాత్రం వేయకండి, వెల్లవేయడమే మేలు.

కొలతబద్ద
నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. డిజైనర్ గీసిన బొమ్మల్లో నన్ను భయపెట్టినది మధ్య గోడ తీసే మాట. మీ ఇంట్లో కాంక్రీటు స్తంభాలూ బీములూ లేవు, బరువంతా గోడలే మోస్తాయి. దంతెలు ఏ గోడ మీద ఆనుతున్నాయో చూడకుండా గోడ తీస్తే మిద్దె కూలుతుంది. పెద్ద హాలు తప్పనిసరిగా కావాలంటే గోడలో వెడల్పైన ద్వారం తెరిచి, పైన ఉక్కు గర్డరు పెట్టి, రెండు పక్కలా చాలినంత గోడ వదలవచ్చు. ఆ లెక్కను చూసి సంతకం చేయడానికి ఇంజనీరు ఉండాలి, అందమైన బొమ్మ ఒక్కటే చాలదు.

ఇక మిద్దె కారుతోందంటే చాలామంది దాని మీదే కాంక్రీటు పోస్తారు. 100 మిల్లీమీటర్ల మందంతో పోస్తే చదరపు మీటరుకు సుమారు 240 కిలోల బరువు పడుతుంది. 200 చదరపు అడుగుల గది మీద అది దాదాపు నాలుగున్నర టన్నులు అవుతుంది. నూరేళ్ల టేకు ఆ బరువును మోస్తుందో లేదో దంతె చివరలు చూస్తే గాని చెప్పలేం. దంతె నడుమ గట్టిగానే ఉంటుంది, గోడలో దూరిన చివర తేమకూ చెదలకూ పుచ్చిపోతుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. అది సులువుగా దిగిపోతే ఆ చివర పనికిరాదు. పుచ్చిన మేరకు కోసి కొత్త టేకు అతికించవచ్చు, లేదా ఉక్కు బ్రాకెట్టు ఇవ్వవచ్చు. మొత్తం మిద్దెను పీకవలసిన పని లేదు.

గాలిగోపురం
మీరందరూ పాతదంటే గట్టిదని అనుకుంటున్నారు. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం దాదాపు 500 ఏళ్లు నిలిచి, 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు ముందే కనిపించాయి కాబట్టి జనాన్ని దూరంగా ఉంచగలిగారు. ఇంతకాలం నిలిచింది గనుక ఇకముందూ నిలుస్తుందని చెప్పడానికి లేదు. పిల్లలతో కాపురం ఉండే ఇల్లు ఇది. నా మాట మొరటుగా ఉంటే మన్నించండి, కానీ మిద్దె కారే ఇంట్లో అందం గురించి మాట్లాడటం నాకు సరిగా తోచడం లేదు.

బేల్దారిబిడ్డ
గాలిగోపురం గారి భయం న్యాయమైనదే. నేను పాతది గట్టిదని అనలేదు, పాతదానికి సరిపోయే మందు వేరని మాత్రమే చెప్పాను. పగుళ్లున్న చోట గాజు పలక అంటించి తేదీ రాసి పెట్టండి, పగులు కదులుతుంటే గాజు విరుగుతుంది. ఆరు నెలలు, కనీసం ఒక వానాకాలం చూడండి. కదలని పగులుకు సున్నం నింపితే చాలు, కదిలే పగులుకు పునాది దగ్గరే కారణం వెతకాలి.

తిన్నెమీద_అత్త
మగవాళ్లు గోడల గురించీ దంతెల గురించీ బాగా రాశారు. అలాంటి ఇంట్లో ఇరవై రెండేళ్లు కోడలిగా బతికినదాన్ని కనుక నేనూ ఒక మాట చెప్పాలి. మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. వానలో, చీకట్లో, నెలలు నిండిన కడుపుతో ఆ పెరటి దాకా నడిచాను. వంటింట్లో కిటికీ ఒక్కటే ఉండేది, పొగంతా మా కళ్లలోకే వచ్చేది. నీళ్లు తొట్టికట్టు దాటి మోసేవాళ్లం. ఆ ఇంటి చల్లదనం నిజమే, వేసవి మధ్యాహ్నాలు నడవలో చాప వేసుకుని పడుకుంటే ఫ్యాను అక్కర్లేదు. అయినా ఆ చల్లదనాన్ని అనుభవించే తీరిక మాకు దొరికేది కాదు.

అందుకని పాతమిద్దె గారికి నేను చెప్పేది ఒక్కటే. హంగుల్లో మొదటి స్థానం పడకగదిని ఆనుకుని ఉండే స్నానాల గదికీ, గాలి వెలుతురు వచ్చే వంటింటికీ ఇవ్వండి. మీ భార్యను అడిగి ఆ రెండింటి చోటు నిర్ణయించండి. తక్కిన ఇంటిని ఎంత పాతగా ఉంచినా ఎవరికీ కష్టం ఉండదు.

పాతమిద్దె
అత్తగారి మాటలు నా భార్యకు చదివి వినిపించాను. డిజైనర్ బొమ్మల్లో వంటిల్లు ఎక్కడుందో తనను ఎవరూ అడగలేదని తను నెమ్మదిగా అంది. ఆ తప్పు నాది కూడా.

కొలతబద్ద గారు చెప్పినట్టు దంతెలు గుచ్చి చూశాం. పదకొండింటిలో మూడింటి చివరలు పుచ్చాయి, మూడూ కారుతున్న గదుల్లోనివే. స్నానాల గది ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు సందేహం. పాత గదుల్లో ఒకదాన్ని అందుకు వాడుకోవచ్చా?

కొలతబద్ద
వాడకండి. రోజూ నీళ్లు పడే గది ఆ గోడలకు ఆనుకుంటే బేల్దారిబిడ్డ గారు చెప్పిన చవుడు లోపలి నుంచే మొదలవుతుంది. పెరటిలో కొత్త ఇటుకలతో, దాని పునాది దానికే ఉండేలా స్నానాల గదులూ వంటిల్లూ కలిపి ఒక వరస కట్టండి. పాత గోడకూ కొత్త గోడకూ మధ్య సన్నని ఎడం వదిలి, పైన రేకుతో కప్పి, పడకగది వెనుక తలుపు నుంచి నేరుగా అందులోకి వెళ్లేలా చేయండి. కొత్త పునాది కోసం పాత గోడ పక్కనే లోతుగా తవ్వకండి, నీళ్ల సంపు కూడా గోడకు దూరంగా ఉండాలి. పాత పునాదులు చాలా తక్కువ లోతు ఉంటాయి, పక్కన మట్టి తీస్తే అవి జారుతాయి.

మాంచెస్టర్_గిడ్డంగి
నేను తిరుపతిలో పుట్టి పెరిగాను, ఇప్పుడు మాంచెస్టర్‌లో పాత నూలు గిడ్డంగిని ఫ్లాట్లుగా మార్చిన భవనంలో ఉంటున్నాను. లోపల పోత ఇనుప స్తంభాలనూ ఇటుక గోడలనూ అలాగే కనిపించేలా వదిలి, వంటిల్లూ స్నానాల గదీ మాత్రం కొత్తగా పెట్టారు. చాలా ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లండులో చారిత్రక భవనాలను జాబితాలో చేర్చి మూడు శ్రేణులుగా విభజిస్తారు. జాబితాలో ఉన్న భవనం లోపలి భాగానికి కూడా ఆ రక్షణ వర్తిస్తుంది, దాని స్వరూపం మారేలా అనుమతి లేకుండా మార్పులు చేస్తే అది నేరం అవుతుంది. ఇక్కడి ఆలోచనకు మూలం చాలా పాతది. పునరుద్ధరణ పేరుతో పాత కట్టడాలను చెరిపివేస్తున్నారని బాధపడి విలియం మోరిస్ 1877లో ఒక సంఘాన్ని స్థాపించాడు. రోజువారీ సంరక్షణతో శిథిలం కాకుండా ఆపాలని ఆ సంఘం చెప్పింది, ఇప్పటికీ పనిచేస్తోంది.

పాతమిద్దె గారు ఒక గదిలోనైనా పూత తీసి ఇటుక కనిపించేలా వదిలితే ఇల్లు ఎంతో అందంగా ఉంటుంది. మీ డిజైనర్‌ను అడిగి చూడండి.

బేల్దారిబిడ్డ
దయచేసి ఆ పని చేయవద్దు. మాంచెస్టర్ గిడ్డంగి ఇటుక యంత్రంతో అచ్చువేసి బాగా కాల్చినది. మన పాత ఇళ్ల నాటు ఇటుక పలుచనిది, మెత్తనిది. పూత కింద ఉండటానికే దాన్ని చేశారు. పూత తీసేస్తే రోజూ కొంచెం కొంచెం పొడి రాలుతుంది. ఇటుక కనిపించాలని ముచ్చటగా ఉంటే పెరట్లో కట్టే కొత్త వరసలో కాల్చిన కొత్త ఇటుకతో ఆ ముచ్చట తీర్చుకోవచ్చు.

మాంచెస్టర్_గిడ్డంగి
ఆ తేడా నాకు తెలియదు. నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రగిరికోట
మా ఇల్లు చంద్రగిరిలో కోటకు దగ్గరగా ఉంది కనుక మాకు ఇంకో చిక్కు వచ్చింది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, దాని తరువాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతుంది. నిషిద్ధ ప్రాంతంలో కొత్తగా కట్టనివ్వరు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి మాత్రం దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత పన్ను రసీదులే మాకు ఆధారం అయ్యాయి. అలాంటి చోట ఇల్లున్న వారెవరైనా గునపం పట్టకముందే కొలతలు వేయించుకోండి.

ఇంకొక మాట చెప్పాలి. చల్లదనం గురించి అర్థం కావాలంటే వేసవి మధ్యాహ్నం మా కోటలోని రాజమహల్ లోపల పది నిమిషాలు నిలబడి చూడండి. ఆ మూడంతస్తుల భవనాన్ని కొయ్య వాడకుండా రాతితో, ఇటుకతో, సున్నంతోనే కట్టారు. ఇప్పుడది పురావస్తు శాఖ మ్యూజియం. వేరే పనికి వాడుకుంటూ కూడా పాత భవనాన్ని నిలబెట్టవచ్చని చూపించే ఉదాహరణ మన ముంగిట్లోనే ఉంది. లోపలికి వెళ్లినప్పుడల్లా నాకు విగ్రహాల కంటే ఆ గోడల మందమే ఎక్కువ నేర్పుతుంది.

నల్లకోటు
గోవిందరాజస్వామి గుడి పరిసరాలకు చంద్రగిరి నియమం అలాగే వర్తిస్తుందని అనుకోకండి. నగరపాలక సంస్థ ప్రణాళిక విభాగంలో మీ సర్వే నంబరుతో విచారించి, లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

చిన్నాయన విషయం కూడా తేలికగా తీసుకోవద్దు. భాగాలు తేలకుండా ఖర్చు పెడితే రేపు ఆ ఖర్చు గురించే తగవు వస్తుంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పిత్రార్జిత ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లయిన వారిని ఆ రాష్ట్ర సవరణ వదిలేసింది. 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. మీకు మేనత్తలు ఉంటే వారినీ కూర్చోబెట్టి మాట్లాడండి. వారసత్వంగా కలిసి వచ్చిన ఆస్తిలో ఒకరు తన వాటా బయటివారికి అమ్మదలిస్తే, దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు చాలా సందర్భాల్లో తక్కిన వారసులకు ఉంటుంది. హిందూ వారసత్వ చట్టంలో 22వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. మీ కుటుంబానికి అది వర్తిస్తుందో లేదో కాగితాలు చూపించి అడగండి.

పాత తలుపు అమ్మమని కారైక్కుడి వైపు నుంచి వ్యాపారులు వస్తుంటారు. నూరేళ్లు దాటిన చెక్కడపు పని, భవనం నుంచి ఊడదీసినదైనా సరే, 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు, విదేశాలకు పంపకూడదు.

శేషాచలం_గాలి
మీ ఆరు స్తంభాలు ఏ కొయ్యో చూపించారా? మన వైపు పాత ఇళ్లలో ఎర్రచందనం స్తంభాలు కొన్ని చోట్ల ఉన్నాయి. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, లోపల ముదురు ఎరుపు ఉంటుంది. అది ఎర్రచందనమే అయితే ఇంట్లో ఉన్నది ఉన్నచోటే ఉండనివ్వండి. పాలిష్ పట్టించడానికని బండిలో వేసి ఊరు దాటించకండి. అటవీ శాఖ అనుమతి లేకుండా కదిలిస్తే తాతల నాటి స్తంభం అని చెప్పినా దారిలో ఎవరూ వినరు.

పాతమిద్దె
చిన్న చోట గీకి చూశాం, లోపల గోధుమ రంగే ఉంది. వడ్రంగి టేకే అన్నాడు. మనసు తేలికపడింది.

తొట్టికట్టు మీద అద్దం వేయడం గురించి ఎవరూ చెప్పలేదు. కోతులు దిగుతాయని, వాన లోపలికి కొడుతుందని మా ఇంట్లో భయం.

తిన్నెమీద_అత్త
కోతులకు ఇనుప జాలీ చాలు. మా ఇంటికి అదే ఉండేది, దాని మీద అప్పడాలు కూడా ఎండబెట్టేవాళ్లం.

కొలతబద్ద
మిద్దెతో సమంగా అద్దం బిగిస్తే వేడి గాలి పైకి పోయే దారి మూసుకుపోతుంది. తిరుపతి మే నెల ఎండకు ఆ నడవ పొయ్యిలా మారుతుంది, తరువాత దాన్ని చల్లబరచడానికి ఏసీలు పెట్టవలసి వస్తుంది. వాన తప్పించుకోవాలంటే మిద్దె మీద రెండడుగుల ఎత్తు లేపి, నాలుగు పక్కలా గాలి ఆడేలా సందులు వదిలి అద్దం వేయవచ్చు. పడకగదిలో ఏసీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, దాని నుంచి కారే నీరు మాత్రం గొట్టంలో బయటికి పోవాలి, గోడ మీద పడకూడదు.

కరెంటు వైర్ల కోసం గోడల్లో గాళ్లు కొట్టనివ్వకండి. గోడ మీద కనిపించేలా ఇత్తడి క్లిప్పులతో గొట్టాలు వేస్తే అందంగానే ఉంటుంది. తడి గోడలున్న ఇల్లు కనుక కొత్త ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చూ రెండూ తప్పనిసరిగా పెట్టించండి.

ఎర్ర గచ్చు గురించి కూడా చెబుతాను. దాని మీద టైల్సు అంటిస్తే నేల తడికి దారి ఉండదు, అది గోడల వైపు మళ్లుతుంది. పగిలిన చోట్ల మాత్రం అతుకు వేయించి మైనం రుద్దించండి.

మామిడితోట_చిత్తూరు
పగిలిన మేర ఎక్కువగా ఉంటే ఆత్తంగుడి టైల్సు చూడండి. కారైక్కుడి దగ్గర ఆ ఊళ్లో అద్దం పలక మీద రంగులు పోసి, ఒక్కొక్కటీ చేత్తో చేసి, బట్టీలో కాల్చకుండా నీళ్లలో నానబెట్టి గట్టిపరుస్తారు. మేము నడవ వరకు వేయించాం, తొక్కేకొద్దీ మెరుపు వస్తోంది.

గాలిగోపురం
ఇంత చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. మూడు దంతెలే పుచ్చాయంటే ఇల్లు బాగుపడేదే. అయినా ఇంజనీరు రాసిచ్చేదాకా పిల్లలను ఆ రెండు గదుల్లోకి వెళ్లనివ్వవద్దు. ఆ రెండు గదుల దంతెలకు ఈ రోజే కర్రలతో ఆనింపు పెట్టించండి.

మాడవీధి_అంగడి
అమ్మేయమన్నవాడిని నేనే. కానీ ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా అంగడి వెనుక వీధిలో మీ ఇంటి వంటిదే ఒకటి పోయిన నెల కూల్చారు. మద్రాసు మిద్దెలో నిలువుగా పేర్చే పలుచని చిన్న ఇటుకలు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి, టేకు దంతెలు కూడా ఉన్నాయి. ఆ ఇటుక ఇప్పుడు ఎవరూ కాల్చడం లేదని బేల్దారులు అంటారు. కూల్చిన మేస్త్రీ నాకు తెలిసినవాడు. మీరు వస్తే మాట్లాడి ఇప్పిస్తాను, కుప్ప ఈ వారం దాకా ఉంటుంది.

బేల్దారిబిడ్డ
వెంటనే వెళ్లండి. దంతెల మీద ఆ ఇటుకలను ఐమూలగా నిలువునా పేర్చి, పైన ఇటుక జల్లీ సున్నం కలిపి పరిచి, చెక్క సుత్తులతో రోజుల తరబడి కొట్టాలి. పాత ఇటుక దొరికితే మీ పాత మిద్దెకూ కొత్త అతుకుకూ మందం సరిగ్గా కలుస్తుంది. దంతెలు తెచ్చుకునే ముందు చెదలు చూసుకోండి.

పాతమిద్దె
నిన్న అంగడి గారితో వెళ్లి ఇటుకలు, నాలుగు దంతెలు తెచ్చుకున్నాను. గాలిగోపురం గారు చెప్పినట్టే రెండు గదుల్లో ఆనింపు పెట్టించాం.

ఈ రోజు ముసలి బేల్దారి వచ్చి గోడల జోలికి పోకుండా ముందు తొట్టికట్టులో నీళ్లు పోయమన్నాడు. నాలుగు బిందెలు పోశాం. అరగంట గడిచినా నీళ్లు కదల్లేదు. మూల బండ లేపి చూస్తే రాతి కాలువ నోట్లో సిమెంటు ముద్ద గడ్డకట్టి ఉంది. ఎప్పుడో పెరట్లో తొట్టి కట్టించినప్పుడు మిగిలిన మాలు అక్కడ పారబోశారట. అప్పటి నుంచి పడిన ప్రతి వాన ఇంటి కిందికే ఇంకుతోంది. చవుడు పట్టిన గోడలన్నీ ఆ మూల చుట్టూ ఉన్నవే. ముద్ద పగలగొట్టాక నీళ్లు గుడగుడమని దిగాయి. అంతలోనే వీధి చివర ఆగిపోయాయి, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసి వీధి మా కాలువ కంటే జానెడు ఎత్తయింది.

డిజైనర్‌ను కొన్నాళ్లు ఆగమన్నాను, పెరటి వరస బొమ్మ మాత్రం నా భార్య చెప్పినట్టు మళ్లీ గీసిస్తామన్నారు. మేనత్తలిద్దరూ, చిన్నాయనా వచ్చే ఆదివారం ఇంటికి వస్తున్నారు. ఉయ్యాల బల్ల మాత్రం తీయవద్దని పెద్ద మేనత్త ఫోనులోనే చెప్పింది. సున్నం గురువారం విరుస్తారు.

కొలతబద్ద గారు, కాలువను వీధికి కాకుండా పెరటి వైపు తిప్పాలంటే ఇంటి పొడవు 64 అడుగులకు ఎంత వాలు ఇవ్వాలి?

కొలతబద్ద
100 అడుగులకు ఒక అడుగు చొప్పున ఇస్తే మీ పొడవుకు సుమారు ఎనిమిది అంగుళాలు వస్తుంది. పాత రాతి కాలువనే వాడండి, గొట్టం వద్దు, పైన బండ లేపితే చేత్తో శుభ్రం చేసుకోవచ్చు. పెరట్లో గోడలకు దూరంగా ఇంకుడు గుంత తీయండి. ట్యూబులో నీళ్లు నింపి మట్టం చూసి, రెండు చివరల ఎత్తులు నాకు పంపించండి.